పిడుగు నిరోధకమా, పిడుగు వాహకమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పిల్లల కోసం అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. భవనాల మీద నిలబెట్టే పొడవాటి లోహపు కడ్డీని తెలుగులో ఏమనాలో తేల్చుకోలేకపోతున్నాను. పిడుగు నిరోధకం, మెరుపు వాహకం, తటిద్వాహకం అని మూడు మాటలు కనిపించాయి. సివిల్ ఇంజనీరు అయిన మా తమ్ముడేమో "సైటులో అందరూ లైట్నింగ్ అరెస్టర్ అనే అంటారక్కా, అదే పెట్టెయ్" అంటున్నాడు. నాకైతే నిరోధకం నచ్చింది. పిడుగును ఆపేది అని పిల్లలకు వెంటనే తెలుస్తుంది కదా?

జవాబు:
అమ్మా, తెలుస్తుంది గానీ తప్పు తెలుస్తుంది. ఆ కడ్డీ పిడుగును ఆపదు. తన మీద పడనిచ్చి, గోడలకు, దూలాలకు తగలకుండా మందపాటి తీగ గుండా భూమిలోకి దింపేస్తుంది.

మీరు పడిన పొరపాటు మొదట ఫ్రాంక్లిన్‌ది కూడా. ఆయన ఫిలడెల్ఫియాలో ఒక ప్రయోగం చేశాడు. గాజు సీసా మూతి మీద ఇనుప గుండు పెట్టి, దానికి విద్యుదావేశం ఎక్కించాడు. మొద్దు ముక్కను అంగుళం దూరం దాకా తెస్తే గానీ ఆవేశం దిగలేదు, దిగినప్పుడు టప్‌మని నిప్పురవ్వ దూకింది. సూదిమొన తెస్తే ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో ఉండగానే చడీచప్పుడు లేకుండా దిగిపోయింది. ఆ గుండు స్థానంలో మేఘాన్ని ఊహించుకున్నాడాయన. ఇంటి మీద సూదిమొన కడ్డీ పెడితే మేఘంలోని ఆవేశం నెమ్మదిగా కారిపోతుందని, పిడుగు పడే అవసరమే రాదని 1750 నాటికి ఆయన ఆశ. నిరోధకం అన్న మాట ఈ ఆశకు సరిగ్గా సరిపోతుంది.

కానీ మేఘం ఇనుప గుండు కాదు. అంత ఆవేశాన్ని ఒక మొన ఖాళీ చేయలేదు. 1755లో ఫ్రాన్స్‌లోని డాలిబార్ అనే శాస్త్రవేత్తకు రాసిన ఉత్తరంలో ఫ్రాంక్లిన్ రెండు దారులూ చెప్పాడు: కడ్డీ పిడుగును రాకుండానైనా చేస్తుంది, వస్తే భవనానికి దెబ్బ తగలకుండా భూమిలోకైనా చేరుస్తుంది. యూరప్‌లో జనం మొదటిదాన్నే పట్టించుకుంటున్నారని అందులో కాస్త నొచ్చుకున్నాడు కూడా. నిలబడింది రెండోదే. కాబట్టి 'వాహకం' అనండి.

ఇంకో చిక్కు. భౌతికశాస్త్రంలో 'నిరోధకం' అనే మాట రెసిస్టర్‌కు ఇప్పటికే స్థిరపడిపోయింది. ఈ కడ్డీకి ఉండాల్సింది అతి తక్కువ నిరోధం. తక్కువ నిరోధం ఉన్న వస్తువుకు నిరోధకం అని పేరు పెడితే పదో తరగతి పిల్లవాడు మిమ్మల్ని నిలదీస్తాడు.

ఒక సభ్యుడు (విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవారు):
అరెస్టర్ గురించి నాదొక మాట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దిమ్మె మీద పింగాణీ గొట్టాల్లా కనబడతాయే, మేం ఎల్.ఏ. అనేవి, అసలు అరెస్టర్లు అవి. మామూలు వోల్టేజి ఉన్నంతసేపు వాటి గుండా కరెంటు దాదాపు పోదు. లైను మీద పిడుగు పడి వోల్టేజి ఒక్కసారిగా పెరిగితే దారి ఇచ్చి ఎర్త్‌లోకి పంపుతాయి, తర్వాత మళ్లీ మూసుకుంటాయి. బిల్డింగు మీది కడ్డీకి ఇలాంటి తెరవడాలు మూయడాలు ఏమీ లేవు. సైటులో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, నిజమే. మీ తమ్ముడిది అలవాటు మాట, తప్పు పట్టలేం. వ్యాసంలో మాత్రం వద్దు.

ఎర్తింగ్ సంగతి తప్పకుండా రాయండి. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిఖ్‌మన్ అనే శాస్త్రవేత్త ఇంటి మీది కడ్డీ నుంచి తీగను గదిలోని కొలత పరికరానికి తెచ్చుకున్నాడు, భూమికి కలపలేదు. గాలివానలో దాని దగ్గరికి వంగి చూస్తుండగా పిడుగు తగిలి చనిపోయాడు.

ప్రశ్న అడిగినవారు:
వాహకం ఖాయం. మరి ముందు ఏది పెట్టాలండీ, మెరుపా, పిడుగా, తటిత్తా?

జవాబు:
తటిత్తు చక్కటి మాటే. అమరకోశంలో శంప, శతహ్రద, క్షణప్రభ, సౌదామని, చంచల, చపల వగైరా మెరుపు పేర్ల వరసలో అదీ ఉంది. కానీ పిల్లలకు ఆ మాటకు మళ్లీ అర్థం చెప్పుకోవాలి. మెరుపు అంటే మనకు వెలుగు. మబ్బు నుంచి మబ్బుకు సాగినా మెరుపే, దానితో కడ్డీకి పని లేదు. నేల మీద పడేది పిడుగు. ఇంగ్లీషులో ఈ రెంటినీ లైట్నింగ్ అనే అంటారు, మనకు విడివిడిగా ఉన్నాయి. ఉన్నప్పుడు వాడుకోవాలి. పిడుగు వాహకం.

అమరకోశంలోని అదే వరసలో 'విద్యుత్' కూడా ఉంది, చూశారా? మీ వ్యాసానికి అసలు గండం అక్కడుంది. ఫ్రాంక్లిన్ రుజువు చేయాలనుకున్నది మెరుపూ విద్యుత్తూ ఒకటేనని. సంస్కృతంలో రాస్తే 'విద్యుత్తు విద్యుత్తే' అన్నట్టు తయారవుతుంది! ఎలక్ట్రిసిటీకి మనవాళ్లు మెరుపు పేరే పెట్టేశారు కాబట్టి, ఆయన తంటాలుపడి తేల్చిన విషయం మనకు పేరులోనే దొరికిపోయింది. హిందీ బిజిలీ కూడా అంతే, పడేదీ అదే, బల్బులో వెలిగేదీ అదే. తమిళ మిన్‌సారంలోని 'మిన్' మెరుపే. చైనా లిపిలో విద్యుత్తుకు వాడే పాత అక్షరం పైభాగంలో వాన గుర్తు ఉంటుంది, దాని మొదటి అర్థమూ మెరుపే.

యూరప్ మాట వేరే దారిన వచ్చింది. గ్రీకులో ఎలెక్ట్రాన్ అంటే అంబర్, అంటే గట్టిపడి రాయిలా మారిన చెట్టు జిగురు. రుద్దితే గడ్డిపరకలను లాగుతుంది. ఆ గుణానికి 1600లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త గిల్బర్ట్ లాటిన్‌లో ఆ పేరు ఖాయం చేశాడు. పారశీకంలో అంబర్‌ను కహ్‌రుబా అంటారు, గడ్డిని ఎత్తుకుపోయేది అని. నేటి అరబ్బీలో కరెంటు పేరు దాని నుంచి వచ్చినదే. గడ్డిపరకను లాగే ఆ పిసరంత శక్తీ, ఆకాశం చీల్చే మెరుపూ ఒకటేనంటే 1750లో ఎంత వింతగా ఉండి ఉంటుందో పిల్లలకు తెలియాలంటే ఈ అంబర్ కథ చెప్పక తప్పదు.

మరొకరు:
'పిడుగు' తెలుగు, 'వాహకం' సంస్కృతం. అతుకుతుందా మాస్టారూ?

జవాబు:
మిశ్రసమాసమేగా, అతుకుతుంది. అంతగా అచ్చతెలుగే కావాలంటే పిడుగు కడ్డీ అనండి, నాకు అభ్యంతరం లేదు. తీగను మాత్రం మెరుపుతీగ అనకండి, కవులు దాన్ని అందగత్తెలకు రిజర్వు చేసిపెట్టారు.

ప్రశ్న అడిగినవారు:
శీర్షికలో పిడుగు కడ్డీ, లోపల పిడుగు వాహకం, కిందికి దిగే తీగకు ఎర్త్ తీగ. విద్యుత్తు దగ్గర అంబర్ కథ ఒక పేరా పెడతాను. బొమ్మ మాత్రం ఫ్రాంక్లిన్ ఉరిమే మబ్బుల్లోకి ఎగరేసిన గాలిపటానిదే వేయిస్తున్నాను.

విద్యుత్ శాఖ సభ్యుడు:
అయితే ఆ గాలిపటం మీద పిడుగు పడుతున్నట్టు వేయించకండి. 1752లో ఆయన ఎగరేసినప్పుడు పిడుగు పడలేదు. మేఘం కింద తడిసిన దారానికి ఆవేశం ఎక్కి, దారానికి కట్టిన తాళంచెవి దగ్గర వేలు పెడితే చిన్న నిప్పురవ్వ వచ్చింది, అంతే. పిల్లలు చూసి ఎగరేయబోతారు, బొమ్మ కింద 'ఇలా చేయకూడదు' అని పెద్ద అక్షరాల్లో రాయించండి.