ముక్కు షార్ప్‌గా వస్తోంది, కన్ను మసకగా ఉంటోంది: కొంగ క్లోజప్‌లో నా తప్పెక్కడ?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మూడు వారాలుగా ప్రతి ఆదివారం తెల్లవారేసరికి ఉప్పలపాడు చెరువు దగ్గరుంటున్నాను. కెమెరా నికాన్ డి7500, లెన్స్ 200-500 ఎంఎం జూమ్. నాకు కావాల్సింది ఎర్రకాళ్ల కొంగ తల ఒక్కటే, ఫ్రేమ్ నిండా. ఆ నారింజ రంగు బోడి తల, పసుపు ముక్కు, కన్ను.

మొన్న ఒకటి గట్టు పక్కనే నీళ్లలో దిగింది. ఆరు మీటర్లు ఉంటుందేమో. చేతులు వణికాయి. 140 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ముక్కు కొసన వేలాడే నీటిబొట్టు కూడా స్పష్టంగా ఉంది, కన్ను మాత్రం మసక. అన్నిట్లోనూ అంతే. 500 ఎంఎం, ఎఫ్/5.6, షట్టర్ 1/1250 సెకను, ఐఎస్ఓ 800, ఫోకస్ ఎక్కడో కెమెరానే ఎంచుకునే ఆటో ఏరియా పద్ధతి. లెన్స్‌లో లోపమా? లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్/11 పెడితే కుదురుతుందా? అంత పొడుగు ముక్కును ఫ్రేమ్‌లో ఎలా ఇమడ్చాలో కూడా చెప్పండి.

పులికాట్ గాలి:
లెన్స్‌ను అనుమానించకండి. మీరు చెప్పిన దూరంలో, ఆ సెట్టింగ్‌తో ముందూ వెనకా కలిపి స్పష్టంగా వచ్చే మందం దాదాపు మూడు సెంటీమీటర్లే. ఆ కొంగ ముక్కేమో పాతిక సెంటీమీటర్ల పైమాటే. అది మీ వైపు తిరిగి ఉంటే కన్నూ కొసా రెండూ రావడం జరగని పని. ఎఫ్/11 పెట్టినా ఆరు సెంటీమీటర్లే, తగ్గిన వెలుతురును పూడ్చడానికి ఐఎస్ఓ 3200 దాకా వెళ్లాలి, ఫోటో గరుకుగా వస్తుంది. పొద్దున్నే ఆ వెలుతురులో నేనైతే ఒప్పుకోను.

ఆటో ఏరియా చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. మీకు దగ్గరగా ఉన్నది ముక్కు కొస. ఏఎఫ్-సి (కదిలేదాన్ని వదలకుండా ఫోకస్ చేస్తూ ఉండే పద్ధతి), సింగిల్ పాయింట్ (ఒకే ఒక ఫోకస్ చుక్క) పెట్టుకుని, ఆ పాయింట్‌నే కంటి మీదికి జరపండి. మధ్యలో ఫోకస్ చేసి తర్వాత కెమెరా తిప్పితే ఉన్న మూడు సెంటీమీటర్లూ జారిపోతాయి.

అసలు పని కొంగ తల తిప్పేదాకా ఆగడం. పూర్తిగా పక్కకు తిరిగినప్పుడు కన్ను, ముక్కు మీకు ఒకే దూరంలో ఉంటాయి, ఎఫ్/8 చాలు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు (పెలికాన్) తల కోసం నేను ఒక పొద్దంతా కూర్చుని నేర్చుకున్న సంగతి ఇది. దాని ముక్కు అడుగు పొడుగు. ఎదురుగా తీసినవన్నీ చెరిపేశాను. మధ్యాహ్నానికి అది ముక్కును మెడకు ఆనించి విశ్రాంతిగా నిలబడింది. అంత ముక్కూ మడతపడి నిలువు ఫ్రేమ్‌లో చక్కగా కూర్చుంది! ఈకలు సవరించుకునేటప్పుడు, కునుకు తీసేటప్పుడు మీ కొంగ కూడా అంతే చేస్తుంది.

ముక్కు చాపి ఉంటే కొస ముందు కాస్త ఖాళీ వదలండి. లేదా ధైర్యంగా సగంలోనే కోసేయండి. కొసను వేలెడంత కోస్తే మాత్రం పొరపాటున తెగినట్టే ఉంటుంది.

ఒక్క మాట, గూళ్ల మీదున్న పక్షి కోసం దగ్గరికి జరగకండి. తల్లి లేస్తే పిల్లలు ఎండకు మాడతాయి.

అమీన్‌పూర్ ఆదివారం:
పైన చెప్పినదంతా నిజం. ఇంకొకటి చూడండి. ఫోకస్ సరిగ్గా ఉన్నా కన్ను పాలు కమ్మినట్టు కనిపిస్తే అది మూడో రెప్ప, పక్షి కంటిమీద అడ్డంగా జరిగే పలచని పొర. నీళ్లలో ముక్కు పెట్టే క్షణంలో పక్షి దాన్ని మూస్తుంది. అందుకే ఒక్కొక్కటి కాకుండా వరసగా ఐదారు తీయాలి. కంట్లో వెలుగుచుక్క ఉన్నదే ఉంచుతాను నేను, అది లేకపోతే ఎంత షార్ప్‌గా ఉన్నా ప్రాణం లేనట్టుంటుంది. సాధనకు గుడ్డికొంగ మంచిది, కదలకుండా చాలాసేపు నిలబడుతుంది. మీరు గట్టు మీద నిలబడి తీశారా, కూర్చునా?

చెరువుగట్టు:
నిలబడే తీశానండి. ఈ ఆదివారం బురదలో గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. కొంగ సగం తెరిచిన ముక్కును నీళ్లలో అటూ ఇటూ తిప్పుతున్నంతసేపూ బటన్ ముట్టుకోలేదు. చేపను పట్టి తలెత్తి, పక్కకు తిరిగింది. తొమ్మిది ఫోటోలు తీశాను. రెండింట్లో కంటి చుట్టూ ముడతలు కూడా కనిపిస్తున్నాయి. ఒకదాంట్లో ముక్కు కొస వేలెడంత తెగింది. దాన్ని సగందాకా కోసి చూస్తున్నాను, రేపు ఇక్కడ పెడతాను.