ఉబ్బిన బ్యాటరీ ఉన్న పాత ఫోన్ ఎవరికివ్వాలి?

ప్రశ్న (పాలకొల్లు):
బీరువాలో పాత ఫోన్ ఉందండి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. పాత ఫోన్లకి ప్లాస్టిక్ బకెట్లిస్తామంటూ వీధిలోకి బండి వస్తోంది. మా అత్తయ్యగారు ఇచ్చేద్దామంటున్నారు. బకెట్ మీద ఆవిడకి మనసైంది లెండి. అందులో పాప ఫొటోలు, బ్యాంకు యాప్ ఉన్నాయని నా టెన్షన్.

జవాబు (భీమవరం, సెల్ రిపేర్ షాపు):
ముందు దాన్ని చార్జింగ్‌కి పెట్టకండి, నొక్కకండి. లిథియం బ్యాటరీ నలిగినా గుచ్చుకున్నా మంట లేస్తుంది. తెలిసిన షాపులో బ్యాటరీ మార్పించి, ఫొటోలు తీసుకుని, గూగుల్ ఖాతా తొలగించాకే ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేయడం) చేయండి. సిమ్, మెమరీ కార్డు మర్చిపోవద్దు.

జవాబు (అమలాపురం):
బకెట్ బండికి మాత్రం వద్దమ్మా. అనుమతి లేని చోట బంగారం, రాగి కోసం ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డులు కాల్చి, యాసిడ్‌లో వేస్తారు. ఆ యాసిడ్ కాలవలో కలిస్తే, మనం తాగేది ఆ నీళ్లే! 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలది. మీ ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌లో సేకరణ కేంద్రం వెతకండి, లేదా సర్వీస్ సెంటర్లో అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఉబ్బిన బ్యాటరీని కొరియర్లో పంపొచ్చా?

జవాబు (భీమవరం):
వద్దండి. షాపువాళ్లకో సర్వీస్ సెంటర్‌కో చేతికే ఇవ్వండి.