దోపిడీ సినిమాలో పథకాన్ని ముందే చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: దోపిడీ ఇతివృత్తంగా వచ్చిన సినిమాల్లో కొన్ని చివరిదాకా కట్టిపడేస్తాయి, కొన్ని సగంలోనే నీరుగారిపోతాయి. పథకం ప్రేక్షకుడికి ముందే తెలియడం మేలా, తెలియకపోవడం మేలా?

జవాబు: తెలియడమే మేలని నా అభిప్రాయం. జూల్స్ దాసిన్ ఫ్రాన్సులో తీసిన 'రిఫిఫి' (1955) చూడండి. ప్యారిస్ నగల దుకాణాన్ని దోచే ఘట్టం దాదాపు అరగంట సాగుతుంది. అందులో సంభాషణ లేదు, నేపథ్య సంగీతమూ లేదు. పై అంతస్తు నేలకు కన్నం వేసి, ముడిచిన గొడుగును అందులోంచి దించి తెరుస్తారు. రాలిన పెళ్ళలన్నీ చప్పుడు కాకుండా దానిలోనే పడతాయి. అలారం ఎంత చిన్న కదలికకు మోగుతుందో అంతకుముందే పరీక్షించి మనకు చూపించారు కాబట్టే, ఒక్కో పెళ్ళ రాలినప్పుడల్లా మనమూ ఊపిరి బిగబడతాం. ఎంత గొప్ప పనితనం!

మరొకరి జవాబు: దానికి తోడు, ఆ ముఠా పతనం యాదృచ్ఛికం కాదు. దాసిన్ స్వయంగా పోషించిన సీజర్ పాత్ర, దోచిన సొత్తులోని ఉంగరాన్ని ఒక గాయనికి బహూకరించడంతోనే గుట్టు బయటపడుతుంది. మనుషుల బలహీనతలను పట్టించుకోక, చివర్లో ఒక మలుపు తిప్పితే చాలనుకునే సినిమాలు రెండోసారి చూడబుద్ధి కావు.

ఇంకొకరి జవాబు: పథకం ముందే చెప్పి తీరాలన్న మాటతో నేను ఏకీభవించను. స్టాన్లీ కుబ్రిక్ 'ది కిల్లింగ్' (1956)లో గుర్రప్పందేల మైదానంలో జరిగే దోపిడీని, ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడల్లా కాలాన్ని వెనక్కి జరుపుతూ, ముక్కలు ముక్కలుగా తెలియజేస్తారు. అక్కడ పథకాన్ని మనమే కూర్చుకుంటాం. ఉత్కంఠ ఏమాత్రం తగ్గదు.