కూలీ చెప్పిన అద్దం, మీడ్ చెప్పిన సెల్ఫ్ ఒకటేనా? మన దగ్గరి ఉదాహరణలు కావాలి

రూం_నంబర్_12:
హన్మకొండలో ఎంఏ సోషియాలజీ చదువుతున్నాను, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాలే ఉంది, సింబాలిక్ ఇంటరాక్షనిజం దగ్గర బండి ఆగిపోయింది. వస్తువులో అర్థం ఉండదు, మనుషుల మధ్య మాటామంతీలోంచి పుడుతుంది, మన 'సెల్ఫ్' (నేను ఫలానా అన్న భావన) కూడా అలాగే పుడుతుంది అని నోట్సులో ఉంది. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, పుస్తకం మూసి సొంతంగా రాద్దామంటే రెండు లైన్లు దాటదు. ఒక డౌట్, కూలీ, మీడ్ అని ఇద్దరు అమెరికా పండితులు, ఆ కూలీ అద్దం, మీడ్ సెల్ఫ్ రెండూ ఒకటేనా? రూంలో ఇద్దరం ఒకటే అంటున్నాం, ఇంకొకామె కాదంటోంది కానీ ఎందుకు కాదో చెప్పదు. ఇంకోటి, మీడ్ ఉదాహరణ బేస్‌బాల్. నేను జన్మలో చూడలేదు. మన దగ్గరి సంగతులు రాస్తే మార్కులు వేస్తారా? (కూలీ అంటే అడ్డా మీది కూలీ అనుకుని మొదటిరోజు క్లాసులో నవ్వాను, అది వేరే కథ.)

పాత_బోర్డు:
చెల్లె, మార్కులు వేస్తారు, నేను గెస్ట్‌గా చెప్పిన రోజుల్లో వేశాను కూడా. మేడారం పోయే ఉంటావు కదా. కిరాణా షాపులో కిలోల లెక్కన కొన్నంతసేపు అది బెల్లం. గద్దెల దగ్గరికి చేరేసరికి బంగారం. నిలువెత్తు బంగారం ఇచ్చుకున్నా అని మనిషి చెప్తే ఎవరూ నవ్వరు, ఎందుకంటే విన్నవాళ్లకూ అది బంగారమే. అదే బెల్లం జాతర లేని రోజుల్లో ఎవరైనా బస్తాలకు బస్తాలు కొంటే గుడుంబాకేమో అని అనుమానం. తీపి మారలేదు, రంగు మారలేదు, చుట్టూ ఉన్న మనుషులు మారారు. మీడ్ శిష్యుడు బ్లూమర్ చెప్పింది ఇదే. సింబాలిక్ ఇంటరాక్షనిజం అన్న పేరు ఆయన పెట్టింది 1937లో, పుస్తకం వచ్చింది 1969లో. మనిషి వస్తువుతో ఎలా నడుచుకుంటాడన్నది అతనికి దాని అర్థం ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ అర్థం పక్కవాళ్లతో మసలడంలో వస్తుంది. ఇంతవరకు అందరూ రాస్తారు, మూడోది వదిలేస్తారు. వచ్చిన అర్థాన్ని మనిషి ఉన్నదున్నట్టు మింగడు, సందర్భం చూసుకుని తనలో తాను మాట్లాడుకుని సరిచేసుకుంటాడు. అది లేకపోతే మనిషి కీలుబొమ్మే.

ఇక అద్దం. కూలీ 1902లో చెప్పింది మూడు మెట్లు. ఎదుటివాళ్లకు నేనెలా కనపడుతున్నానో ఊహించుకుంటాను, చూసి ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాను, దాన్నిబట్టి గర్వమో సిగ్గో కలుగుతుంది. గమనించు, అన్నీ ఊహలే, అంతా తలలోనే జరుగుతుంది. మీడ్‌కు అక్కడే పేచీ. కూలీ పోయాక 1930లో ఆయన మీద రాసిన వ్యాసంలోనే ఆ మాట అన్నాడు. మీడ్ లెక్కలో ముందు చేష్ట, సైగ, భాష, అవతలి మనిషి పాత్రలోకి దూరి చూడటం, వాటిలోంచి సెల్ఫ్ వస్తుంది. అమ్మ ఆట ఆడే పిల్ల ఒకసారికి ఒక్క పాత్రే వేస్తుంది. కబడ్డీకి వచ్చేసరికి కూతకు పోయినవాడు అవతల ఏడుగురూ ఏం చేస్తారో ఒకేసారి మనసులో పెట్టుకోవాలి. బేస్‌బాల్ బదులు ఇది రాయి.

అందరినీ కలిపి ఒకటిగా లోపల పెట్టుకోవడాన్ని మీడ్ 'జనరలైజ్డ్ అదర్' అన్నాడు. దానికి తెలుగు మాట వెతకొద్దు, ఇంట్లోనే ఉంది. "నలుగురూ ఏమనుకుంటారు" అంటుంది కదా అమ్మ, ఆ నలుగురు ఎవరని ఎప్పుడైనా అడిగావా? పేర్లు చెప్పలేదు. పేర్లు లేవు కాబట్టే వాళ్లు అంత గట్టివాళ్లు. మీడ్ పుస్తకం తలకెక్కకపోతే బాధపడకు, ఆయన 1931లో పోయాక విద్యార్థుల నోట్సు కూర్చి 1934లో వేశారు, గజిబిజి అందులోనే ఉంది.

మిర్చి_గుమస్తా:
పీజీ అయ్యి ఏడేళ్లు, ఇప్పుడు ఎనుమాముల యార్డులో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తున్నా. నా వంతు ఒకటి. పొద్దున జెండా పాట (ఆ రోజు ధర పలికే వేలం) అయ్యాక ఖరీదుదారు వచ్చి బస్తాలో చెయ్యి పెడతాడు, నాలుగు కాయలు పైకి తీస్తాడు, మొహం చేదు చేసుకుని "తాలు (రంగు పోయిన కాయ) ఎక్కువుంది" అంటాడు. రైతు మొహం వాడిపోతుంది. పది నిమిషాల తర్వాత లోపల చాయ్ తాగుతూ అదే మనిషి "సరుకు బాగుంది" అంటాడు. గాఫ్‌మన్ అనే సోషియాలజిస్టు 1950ల నాటికే షెట్లాండ్ దీవుల్లో ఒక హోటల్లో, డైనింగ్ హాల్లో ఒక తీరు వంటింట్లో ఒక తీరు ఉండే పనివాళ్లను చూసి ఫ్రంట్ స్టేజ్, బ్యాక్ స్టేజ్ అన్నాడు. మాకు మధ్యలో ఒక పరదా గుడ్డ, అంతే తేడా.

నాకు ఎప్పుడూ పట్టేది ఇంకోటి. పరిస్థితిని మనుషులు నిజం అని నమ్మితే దాని ఫలితాలు నిజమవుతాయని డబ్ల్యూ.ఐ. థామస్, డొరొతీ థామస్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు 1928లో అన్నారు. తాలు అన్న మాటతో ధర నిజంగానే పడుతుంది, కానీ మిరపకాయకు ఆ మాట వినపడదు, అది ఎర్రగానే ఉంటుంది. అదే పిల్లాడిని అను, వాడికి వినపడుతుంది. మా క్లాసులో ఒకడికి ఐదో తరగతిలో 'మొద్దు' అని పేరు పడింది. తర్వాత తెలిసిన ప్రశ్నకు కూడా చెయ్యెత్తడం మానేశాడు. చెయ్యెత్తడు కాబట్టి మొద్దే అని మేమూ ఖాయం చేసుకున్నాం. బెకర్ అనే సోషియాలజిస్టు 1963లో గంజాయి తాగేవాళ్ల లాంటి వాళ్ల గురించి రాసింది ఇదే దారి. తప్పు అన్నది చేసిన పనిలో లేదు, నలుగురూ వేసిన ముద్రలో ఉంది అంటాడు. మొద్దు అన్నవాళ్లలో నేనూ ఒకడిని, అందుకే గుర్తుంది.

బిడ్డ_ఆఫ్_పాలకుర్తి:
అన్నా, ఇద్దరూ బాగానే చెప్పారు గానీ, 'మనుషుల మధ్య అర్థం పుడుతుంది' అనగానే ఇద్దరు సమానంగా కూర్చుని మాట్లాడుకున్నట్టు వినపడుతోంది. మా తాతను ఊళ్లో పేరు చివర 'గాడు' తగిలించే పిలిచేవారట, దొర ఇంటి పదేళ్ల పిల్లాడు కూడా ఒరేయ్ అనేవాడట, తాత మాత్రం ఆ పిల్లాడిని దొరా అని, "బాంచన్" అని. ఇదీ ఇంటరాక్షనే కదా, మరి అక్కడ అర్థం ఎవరు పెట్టారు? గడి పెట్టింది, భూమి పెట్టింది. మీ ఖరీదుదారు కూడా అంతే, అతని దగ్గర డబ్బుంది కాబట్టి అతని "తాలు" చెల్లింది. రైతు "తేజా కాయ, చూడు సారూ" అంటే చెల్లలేదు.

పాత_బోర్డు:
ఈ దెబ్బ తగలాల్సిందే, ఇంటరాక్షనిస్టులు సమాజ నిర్మాణాన్ని (భూమి, డబ్బు, అధికారం ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని) వదిలేసి ముఖాముఖి దగ్గరే ఆగిపోతారన్నది పాత ఆరోపణే. కానీ పూర్తిగా వదిలేశారనకు. బ్లూమర్ 1958లో జాతి దురభిప్రాయం గురించి రాస్తూ, అది ఒక్కొక్కరి మనసులోని ద్వేషం కాదు, మా గుంపు ఎక్కడుండాలి, వాళ్ల గుంపు ఎక్కడుండాలి అన్న భావన అన్నాడు. దొర పిల్లాడి ఒరేయ్ సరిగ్గా అదే. పదేళ్ల వాడికి మీ తాత మీద కోపమేముంటుంది? ఇంకో పక్క చూడు, దొరలకు ఎదురు తిరిగిన సంఘం ఊళ్లోకి వచ్చాక మనుషులు బాంచన్ అనడం మానేశారు, భూమి ఇంకా చేతికి రాకముందే నోరు మారింది. ఆ మార్పు పెద్దదా చిన్నదా అన్నది మనం జాతర బస్సులో కూర్చుని కొట్లాడుకోవచ్చు.

రూం_నంబర్_12:
ముగ్గురికీ థాంక్స్. మా రూంలో కాదన్నామెకు ఇదంతా చదివి వినిపించాను, "నేను చెప్పిందే కదా" అంది, చెప్పలేదు. ఒక్కటి అడుగుతాను. ఇంటి నుంచి ఫోన్ రాగానే నా యాస మొత్తం మారిపోతుందని వీళ్లు ఏడిపిస్తారు. క్లాసులో "ఏం చేస్తున్నారు", అమ్మతో "ఏం జేస్తున్నవే". క్లాసు ఫ్రంట్ స్టేజ్, అమ్మ ఫోను బ్యాక్ స్టేజ్ అని రాయొచ్చా సార్?

పాత_బోర్డు:
రాయి. కానీ అమ్మ అడిగితే పరీక్షల టెన్షన్ ఏం లేదే, మంచిగ చదువుతున్న అని చెప్తున్నావా లేదా?

రూం_నంబర్_12:
చెప్తున్నా సార్. నిన్న కూడా చెప్పిన.