ఉదర వితానమా, విభాజక పటలమా?

నిన్న గ్రూపులో ఒక అక్క అడిగారు: "మా బాబు తెలుగు మీడియం. డయాఫ్రమ్‌కి ఒక పుస్తకంలో ఉదర వితానం అని, ఇంకో పుస్తకంలో విభాజక పటలం అని ఉంది. ఏది రాయాలి?" డయాఫ్రమ్ అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి, ఊపిరి పీల్చడానికి పనిచేసే కండరం. చాలామంది "రెండూ ఒకటే, ఏదైనా రాయొచ్చు" అన్నారు. మార్కుల వరకు అది నిజమే. నా ఓటు మాత్రం ఉదర వితానానికి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

విభాజక పటలం అంటే వేరుచేసే పొర. డయాఫ్రమ్‌కి గ్రీకులో ఉన్న అర్థం కూడా అడ్డు అనే. మన హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇదే అర్థంతో ఇంకో మాట నడిచింది. 1917లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి పుస్తకాలు అనువాదం చేయించారు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. ఉర్దూలో దీని పేరు హిజాబె హాజిజ్, అంటే అడ్డుగా ఉన్న తెర. అరబ్బీ నుంచి వచ్చిన మాట. వీటన్నిటికీ ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డు అన్న సంగతే ముఖ్యం. వితానం అంటే మేలుకట్టు, చాందినీ. పేరు వినగానే ఆకారం కనపడుతుంది. పొట్టలోని అవయవాల మీద కప్పులా ఉంది కాబట్టి ఉదర వితానం. తేడా ఒక్కటే: పెళ్లిపందిట్లో కట్టిన చాందినీ నడుమ కిందికి వేలాడుతుంది, ఇది నడుమ పైకి ఉబ్బి ఉంటుంది. కుడి పక్క గుమ్మటం ఎడమదానికంటే కొంచెం ఎత్తు, దాని కింద కాలేయం ఉంటుంది కనుక.

చాందినీకి అంచులు ఎక్కడ కట్టారన్నది ముఖ్యం కదా. ముందువైపు రొమ్ము ఎముక కింది కొస వెనకాల, పక్కల్లో కింది 6 పక్కటెముకల లోపలివైపు, వెనకవైపు నడుము వెన్నుపూసలకు. వెనక రెండు బలమైన కండర పట్టీలు దిగుతాయి. కుడిది నడుము 3వ పూస దాకా, ఎడమది 2వ పూస దాకా. ఇలా చుట్టూ బయలుదేరిన కండ అంతా మధ్యలో ఒక తెల్లటి స్నాయువు (కండ కొసన ఉండే గట్టి నార) పలకలో కలుస్తుంది. దానికి మూడు రేకులు. బొమ్మలో అర్థం కాకపోతే ఆదివారం మటన్ షాపులో చూడండి. వేలాడదీసిన పొట్టేలుకు బోటి, కార్జం తీసేశాక పక్కటెముకల లోపలివైపు ఒక పలచని పొర అంటుకుని ఉంటుంది. అంచుల్లో ఎర్రగా కండ, నడుమ తెల్లగా మెరుస్తూ స్నాయువు. మా ఇంటి పక్క టెన్త్ పిల్లాడికి నేను అలాగే చూపించాను, బొమ్మ అక్కర్లేకపోయింది.

ఈ కప్పులో మూడు పెద్ద దారులున్నాయి. ఛాతీ 8వ వెన్నుపూస ఎత్తులో ఒంటి కింది భాగం నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే అధో మహాసిర, 10వ పూస దగ్గర అన్నవాహిక, 12వ పూస దగ్గర గుండె నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే మహాధమని. మహాసిర దారి స్నాయువులో ఉంది. ఊపిరి పీల్చినప్పుడు స్నాయువు సాగి ఆ దారి వెడల్పవుతుంది, రక్తం గుండెకు తేలిగ్గా చేరుతుంది. అన్నవాహిక చుట్టూ ఉన్నది కండ. అది బిగుసుకుంటే వాహికను నొక్కి, పొట్టలోది పైకి తన్నకుండా ఆపుతుంది. ఆ దారి వదులైతే జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరుగుతుంది, డాక్టర్లు హయేటస్ హెర్నియా అనేది దాన్నే. మహాధమని అసలు కండలోంచి పోదు, దాని వెనకనుంచి దిగుతుంది. అందుకే మనం ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా అది నలగదు.

రెండు పేర్లలోనూ నాకు నచ్చనిది ఒకటుంది. ఇది కండరం అని ఏదీ చెప్పదు. పటలం అంటే పిల్లలు పలచని పొర అనుకుంటారు, వితానం అంటే కదలని కప్పు అనుకుంటారు. ఊపిరి పీల్చడంలో ఎక్కువ పని చేసేది ఇదే. బిగుసుకోగానే గుమ్మటం కిందికి దిగి చదునవుతుంది, ఛాతీలో చోటు పెరిగి గాలి లోపలికి వస్తుంది. మామూలు ఊపిరికి 1, 2 సెంటీమీటర్లు దిగితే చాలు. వదిలినప్పుడు తనంతట తానే సడలి పైకి పోతుంది. వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి, పీల్చినప్పుడు చెయ్యి పైకి లేస్తుంది. "గట్టిగా ఊపిరి తీసుకో" అనగానే చాలామంది పిల్లలు పొట్టను లోపలికి లాక్కుంటారు. అది తప్పని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

"నడుము దగ్గర ఉండే కండకి నరం మెడ నుంచి ఎందుకొస్తుంది?" అని కింద అడిగిన తమ్ముడికి: పిండంలో ఇది మెడ దగ్గర మొదలవుతుంది, తర్వాత కిందికి దిగుతుంది. 3, 4, 5 మెడ నాడుల నుంచి పుట్టిన ఫ్రెనిక్ నరం దానితోపాటే దిగివచ్చింది. భుజం చర్మానికి వచ్చే నరాలు కూడా మెడలో ఆ చోటు నుంచే వస్తాయి. అందుకే కాలేయం పైన చీము పట్టినా ఒక్కోసారి నొప్పి కుడి భుజంలో తెలుస్తుంది. మెడలో వెన్నుపాము పైభాగం తెగితే ఊపిరే ఆగిపోతుంది.

"మన ఇళ్లల్లో దీనికి మాటే లేదా?" అన్న పెద్దాయనకు: కండకు లేకపోయినా, అది చేసే పనులకు మనకు మాటలు చాలానే ఉన్నాయి సార్. ఎక్కిళ్లంటే అది ఉన్నట్టుండి బిగుసుకోవడం, వెంటనే గొంతులో స్వరతంత్రులు మూసుకుని ఆ చప్పుడు రావడం. ముక్కడం అంటే ఊపిరి పీల్చి గొంతు బిగబట్టి, దీన్ని కిందికి దించి ఉంచి, పొట్ట కండలతో కలిపి నొక్కడం. కాన్పులో, బస్తా ఎత్తేటప్పుడు జరిగేది అదే. పాఠం చెప్పేవాళ్లు ముందు ఈ మాటలతో మొదలుపెట్టి, ఆ తర్వాత "ఉదర వితానం అనే కండరం" అని పూర్తిగా రాయిస్తే బాగుంటుంది. అక్కా, మీ బాబుతో పరీక్షలో అలాగే రాయించండి.