‘ఫ్యాట్ బర్న్’ బటన్ నిజమేనా? వేగం పెంచితే కొవ్వు కరగడం ఆగిపోతుందా?

నడక_40:
ట్రెడ్‌మిల్ మీద ‘ఫ్యాట్ బర్న్’ నొక్కితే అదే స్పీడు తగ్గించేస్తోంది. వేగంగా పరిగెడితే కొవ్వు కరగదని జిమ్‌లో అంటున్నారు. నిజమేనా? ఇంకోటి, పొద్దున్నే ఇడ్లీ తిని వెళ్లాలా, పరగడుపునా?

జీవక్రియ:
ఆగదండీ, తగ్గుతుంది. పొట్ట దగ్గరి కొవ్వు ముందు ఫ్యాటీ ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడిపోవాలి. ఫ్యాటీ ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు కాబట్టి రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని కండరం దాకా వస్తాయి. అక్కడ మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే చోటు) గడప దాటాలంటే కార్నిటిన్ అనే పదార్థం తోడు కావాలి. చిక్కంతా ఈ గడప దగ్గరే. వేగం పెరిగితే కండరం గ్లైకోజన్‌ను (తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని) గబగబా వాడేస్తుంది. అందులోంచి పుట్టే అసిటైల్ గుంపులు అనే చిన్న ముక్కలు, ఉన్న కార్నిటిన్‌ను అంటిపెట్టుకుంటాయి, కొవ్వుకు తోడు దొరకదు. తగ్గడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. అలాగని కార్నిటిన్ మాత్రలు కొనకండి, వట్టి మాత్రలతో కండరంలో అది పెద్దగా పెరగదు.

పైగా లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థం 5 కేలరీలిస్తే కొవ్వు 4.7 దగ్గరే ఆగుతుంది. ఆయాసపడే వేళ ఆ కాస్తా లెక్కే.

లెక్కల_పిచ్చి:
ఉదాహరణకి నడకలో నిమిషానికి 5 కేలరీలు, అందులో సగం కొవ్వువి అనుకుందాం. 40 నిమిషాలకు 100 కేలరీలు, అంటే 11 గ్రాముల కొవ్వు. పరుగులో నిమిషానికి 10 కేలరీలు, కొవ్వు వాటా 16 శాతం: 64 కేలరీలు, 7 గ్రాములు. బటన్ చెప్పింది అబద్ధం కాదు. కానీ పరుగులో మొత్తం ఖర్చు 400, నడకలో 200. బరువు తగ్గడానికి చూడాల్సింది ఆ మొత్తం, తిన్నదానితో కలిపి. 4 గ్రాముల తేడా కోసం స్పీడు తగ్గించుకోవడం దండగ. మోకాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం నడకే, గంటసేపు.

నడక_40:
మరి ఇడ్లీ సంగతి?

జీవక్రియ:
తినగానే ఇన్సులిన్ పెరిగి కొవ్వు విడుదలకు తాళం వేస్తుంది, కొన్ని గంటలపాటు. పరగడుపున ఆ తాళం ఉండదు, అందుకే ఆ గంటలో కొవ్వు ఎక్కువ వాడతారు. కానీ రోజు మొత్తం తిండి అంతే అయితే నెలాఖరుకి తూకంలో తేడా కనబడదు. మీకు ఏది హాయిగా ఉంటే అది చేయండి.

వేగానికి గుర్తు: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. చాలామందికి కొవ్వు వాడకం బాగా సాగేది ఆ చుట్టుపక్కలే. రోజూ చేస్తే మైటోకాండ్రియా పెరిగి, అదే వేగంలో కొవ్వు వాటా కూడా పెరుగుతుంది.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే పరగడుపు ప్రయోగాలు వద్దు. షుగర్ పడిపోతుంది, ముందు డాక్టర్ని అడగండి.