మేలో అమ్మానాన్న వస్తున్నారు: నోరవాంక్, జెర్ముక్, తతేవ్ ఒక్కరోజులో అవుతాయా?

కొత్త మెడికో:
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో అర్మేనియా రాజధాని ఎరెవాన్ వచ్చాను, మెడిసిన్ ఫస్టియర్. మే రెండో వారంలో అమ్మానాన్న ఖమ్మం నుంచి వస్తున్నారు, ఆరు రోజులుంటారు. సిటీలో ఎంతసేపని తిప్పను! దక్షిణాన వయోత్స్ జోర్ కొండల్లో కాస్త నడిపిద్దామని ఉంది. ఖోర్ విరాప్, నోరవాంక్ మఠాలు, జెర్ముక్ జలపాతం, వీలైతే తతేవ్ మఠానికి వెళ్లే రోప్‌వే కూడా ఒకే రోజులో చూడొచ్చా? నాన్నకి మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

ఐదో ఏడు సీనియర్:
చెల్లె, తతేవ్ ముచ్చట మర్చిపో. ఒక్క దిక్కే 250 కిలోమీటర్లు, చాలా మటుకు ఘాట్ రోడ్డు. రోప్‌వే 5.7 కిలోమీటర్లు, పన్నెండు నిమిషాల్ల లోయ దాటిస్తది, మస్తుంటది. కానీ ఆ పన్నెండు నిమిషాల కోసం రోజంత కార్ల కూసోవాలె. మేం గట్లనే పోయినం. రాత్రి ఒంటిగంటకు హాస్టల్ చేరినం, తిరుగుదారి ఫొటోలల్ల అందరి మొఖాలు ఎండు మిరపకాయలే. తతేవ్ దగ్గరి గోరిస్ ఊర్ల రాత్రి ఉంటేనే తతేవ్ పెట్టుకో.

జెర్ముక్ గూడ తీసెయ్. ఖోర్ విరాప్, అరేని, నోరవాంక్, గంతే. ఖోర్ విరాప్‌ల, అర్మేనియాను క్రైస్తవంల కలిపిన సెయింట్ గ్రెగరీని పదమూడేండ్లు ఖైదు పెట్టిన గొయ్యి ఉంటది, నిటారు ఇనుప నిచ్చెన మీద దిగాలె. నాన్నను దించకు. పైనుంచి అరరాత్ కొండ చూపియ్, సాలు.

కెంట్రాన్‌లో ఎనిమిదేళ్లు:
నువ్వు అడగలేదు గానీ చెప్తానమ్మా. ఊరు వదిలేముందు ఇంట్లో మెయిన్ నీళ్ల కుళాయి కట్టెయ్. మూడేళ్ల కిందట జనవరిలో నేనూ మా ఆవిడా జెర్ముక్ వెళ్లాం, రెండు రాత్రులు. గ్యాసు బిల్లు మిగుల్తుందని, ఆవిడ వద్దంటున్నా హీటరు పూర్తిగా ఆపేశాను. రెండోరోజు పొద్దున్న జలపాతం దగ్గర ఫొటోలు దిగుతుంటే ఇంటి ఓనరమ్మ ఫోను. అర్మేనియన్‌లో గడగడా ఏదో అంటోంది, నాకు తెలిసింది ‘జూర్’ ఒక్కటే, అంటే నీళ్లు. జలపాతం ఎలా ఉందని అడుగుతోందనుకుని ‘శాత్ లావ్, శాత్ లావ్’ అన్నాను. చాలా బాగుంది అని! అవతల ఆవిడ గొంతు ఇంకా లేచింది.

తిరిగొచ్చేసరికి వంటింటి సింకు కింద పైపులో నీళ్లు చలికి గడ్డకట్టి, పైపు పగిలి, కిందింటి వాళ్ల సీలింగు పెచ్చులూడి, వాళ్ల పియానో మీద బకెట్టు పెట్టుకుని ఉన్నారు. అడ్వాన్సు పోయింది, పైన ఇంకో నెల అద్దె కూడా కట్టించుకుంది. కాగితం ఏదీ రాసుకోలేదు, అంతా నోటి మాటే. ఎవరికి చెప్పుకోను? కిందింటాయన మాత్రం తిట్టాల్సినంత తిట్టి, చివర్లో కాఫీ పెట్టాడు.

ఐదో ఏడు సీనియర్:
అన్నా, ఆమె అడిగింది మే నెల గురించి. ఉండేది హాస్టల్ల గావచ్చు.

కెంట్రాన్‌లో ఎనిమిదేళ్లు:
హాస్టల్లో పైపులుండవా తమ్ముడూ?

దిలిజాన్ అక్క:
వీళ్లిద్దరి మాటలకేం గానీ, నడక సంగతి నేను చెప్తాను. నోరవాంక్ హైవే మీద లేదు, అరేని దాటగానే మలుపు తిరిగి లోయలో ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. ఎఘెగ్నాజోర్ ఊరికెళ్లే మార్ష్రుత్కా, అంటే షేరింగ్ వ్యాను, ఆ మలుపు దగ్గరే దింపేస్తుంది. పిల్లలైతే నడిచేస్తారు, నాన్నగారితో కుదరదు. రోజంతటికీ కారు మాట్లాడుకో, ఎక్కేముందే మొత్తం ఎన్ని ద్రాములో, ఆగినంతసేపూ వెయిటింగు ఉందో లేదో ఫోనులో టైపుచేసి చూపించు.

మలుపు దగ్గరే అరేని గుహ. అయిదున్నర వేల ఏళ్లనాటి తోలు చెప్పు 2008లో అక్కడే దొరికింది, ఒంటికాలిది, సైజు 37. అచ్చంగా మా అమ్మ సైజు. చెప్పు ఇప్పుడు గుహలో లేదు, ఎరెవాన్ రిపబ్లిక్ స్క్వేర్ మ్యూజియంలో ఉంది. గుహలో నేలలో పాతిన వైన్ కుండలు చూడొచ్చు. బయట రోడ్డు పక్క కోకాకోలా సీసాల్లో ఎర్రగా కనబడేది కోలా కాదు, ఇంట్లో చేసిన వైను. నాన్నగారు దాహమని గటగటా తాగేయకుండా చూసుకో.

నోరవాంక్‌లో రెండంతస్తుల చర్చి 1339 నాటిది. పై అంతస్తుకి మెట్లంటే గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్లు, అంతే. పట్టుకోడానికి కమ్మీ లేదు, పాదం పూర్తిగా ఆనదు. ఎక్కేటప్పుడు ఏమీ తెలీదు. దిగేటప్పుడు నేను గోడవైపు తిరిగి పసిపిల్లలా పాకుతూ దిగాను, కింద ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు. నాన్నగారిని కింద గడప ముందు నిలబెట్టు, చెక్కడాలన్నీ అక్కడినుంచే కనిపిస్తాయి.

వాళ్లు వెళ్లాక నీ కాళ్లకి పని కావాలంటే అర్తబుయిన్క్ ఊరి నుంచి స్మ్బతాబెర్ద్ కోటకి ఎక్కు. మందల దగ్గర గంప్ర్ అనే కాపలా కుక్కలుంటాయి, దూడలంత. పరిగెత్తకు. నిలబడి కాపరిని కేకెయ్. ఎండెక్కాక రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకు, రక్తపింజర జాతి పాములుంటాయి.

సనాహిన్ అభిమాని:
దక్షిణం ఎందుకండీ, ఉత్తరాన లోరీ వెళ్లండి! పచ్చదనం అంటే అది. హఘ్‌పాత్, సనాహిన్ మఠాలు రెండూ యునెస్కో జాబితావి. మిగ్ యుద్ధవిమానాలు రూపొందించిన మికోయన్ పుట్టింది సనాహిన్‌లోనే, మ్యూజియం ముందు మిగ్-21 నిలబెట్టారు. మా నాన్న బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో చేశారు, దాని చక్రం పట్టుకుని పది నిమిషాలు కదల్లేదు.

దిలిజాన్ అక్క:
మీ నాన్నగారికి బాగుంటుంది. వాళ్ల నాన్నగారు ఏం చేస్తారో అడిగారా?

ఐదో ఏడు సీనియర్:
ఇంకోటి. యెరాస్ఖ్ ఊరి కాడ హైవే అజర్‌బైజాన్ వాళ్ల నఖిచెవాన్ బార్డర్‌ని ఆనుకుని పోతది, పక్కపొంటి ఎత్తుగ మట్టికట్టలు కనబడ్తయి. ఆడ ఆపి ఫొటోలు గీటోలు వద్దు. పాస్‌పోర్టులు ఒరిజినలే పట్టుకో.

కెంట్రాన్‌లో ఎనిమిదేళ్లు:
ఎందుకు? ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు.

ఐదో ఏడు సీనియర్:
అడిగిననాడు మల్ల ఈడనే రాస్తవు అన్నా, పియానో లెక్క.

దిలిజాన్ అక్క:
అమ్మగారి తిండి. ‘అరాంత్స్ మ్సి’ అంటే మాంసం లేకుండా అని. కోడిని మాంసం కింద లెక్కెయ్యని వాళ్లూ ఉంటారు, అందుకని ‘పాస్’ అని అడుగు, వాళ్ల ఉపవాసపు వంట అన్నమాట. పాలూ గుడ్డూ కూడా ఉండవు. పసుత్స్ తోల్మా అంటే పప్పులూ గింజలూ కూరిన క్యాబేజీ ఆకు, నిశ్చింతగా తినొచ్చు. తాన్ అంటే ఉప్పు మజ్జిగే. మార్కెట్లో జడలా అల్లి ఎండబెట్టిన ఆకు అమ్ముతారు, అవెలుక్. మన చుక్కకూరకి దగ్గరి చుట్టం. ఉడికించి మొదటి నీళ్లు పారబోయాలి, లేకపోతే చేదు.

కొత్త మెడికో:
అందరికీ థాంక్స్. తతేవ్, జెర్ముక్ తీసేశాను. ఆ జడ ఫొటో అమ్మకి పంపితే నోరవాంక్ సంగతి వదిలేసి, ‘పప్పులో వేస్తే పులుపు సరిపోతుందా, కందిపప్పు తేనా’ అంటోంది.

ఐదో ఏడు సీనియర్:
రెండు కిలోలు ఎక్కువ తెమ్మను చెల్లె. పైసలిస్త.